మందిరంలో తగిలిన దెబ్బ, నోట రాని ప్రార్థన

ప్రశ్న:

అక్కా, వందనాలు. నా పేరు వేయకండి. నాకు 36 ఏళ్లు. మాది గుంటూరు వైపు చిన్న ఊరు. పదమూడేళ్లు ఒకే సంఘానికి వెళ్లాం. నేను క్వయర్‌లో పాడేదాన్ని, సండే స్కూల్ చెప్పేదాన్ని. రెండేళ్ల కిందట నాకు మూడో నెలలో గర్భం పోయింది. ఆ దుఃఖంలో, మా ఇంట్లో గొడవలతో సహా అంతా పాస్టరమ్మగారి దగ్గర ఏడ్చి చెప్పుకుని ప్రార్థన చేయమన్నాను. రెండు వారాలకు ఆ సంగతి ఆదివారం ప్రసంగంలో వచ్చింది. పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే అందరూ నా వైపు తిరిగి చూశారు. 'దాచుకున్న పాపం ఉన్న ఇంట్లో గర్భఫలం నిలవదు' అన్నారు. తల వంచుకుని ఊరుకున్నాను. కొన్నాళ్లకు మా ఆయన మందిరం కట్టడానికి వసూలైన డబ్బుకు లెక్క అడిగారు. అంతే, 'అభిషిక్తుణ్ణి ముట్టిన కుటుంబం' అయిపోయాం. సండే స్కూల్ నుంచి నన్ను తీసేశారు. బజార్లో ఎదురైనా ఎవరూ వందనాలు చెప్పరు. ఎనిమిది నెలలుగా ఎక్కడికీ వెళ్లట్లేదు.

నా అసలు బాధ ఏమిటంటే, నాకు ప్రార్థన రావట్లేదు. మోకరిస్తే మాట రాదు. పాట ఎత్తుకుంటే ఛాతీ బిగుసుకుపోతుంది. మా అమ్మేమో 'తప్పు మనదే అనుకుని వెళ్లి క్షమాపణ చెప్పు, దైవజనులతో మనకెందుకు' అంటోంది. ఇలాంటి గాయాలు మానడం గురించి, ప్రార్థనలో లోతుకు వెళ్లడం గురించి మంచి క్రైస్తవ పుస్తకాలు చెప్పండి. ఇంగ్లిష్ మెల్లగా చదవగలను. ఇంకో మాట. మా పాపకు ఏడేళ్లు. 'దేవుడికి మన మీద కోపం వచ్చిందా, అందుకే చర్చికి వెళ్లట్లేదా' అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు.

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పుస్తకాలు చెబుతాను, తప్పకుండా చెబుతాను. కానీ మీ మీద వేసిన రెండు మాటలు మీ లోపల ముల్లులా ఉండిపోయాయి. అవి ఉండగా ఎంత మంచి పుస్తకం చదివినా లోపలికి దిగదు. కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

మొదటిది, ఆ ప్రసంగంలో అన్న మాట. అది అబద్ధం. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయని ఏ స్త్రీల డాక్టరునడిగినా చెబుతారు. తల్లి చేసిన పని వల్ల కాదు, ఇంట్లో గొడవ వల్ల కాదు. ఇక వాక్యం సంగతి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు 'ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా' అని అడిగితే, 'వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు' అని యేసు ప్రభువే అన్నాడు. యోహాను 9వ అధ్యాయం. కష్టంలో ఉన్నవాళ్ల ఇంట్లో పాపం వెతికే అలవాటును ఆయన అక్కడే ఆపేశాడు. మీ బిడ్డ పోయినందుకు మీరు ఏడవాల్సింది, ఆ రోజు మీతో కలిసి సంఘమంతా ఏడవాల్సింది. దానికి బదులు మిమ్మల్ని ఉదాహరణగా వాడుకున్నారు. మీరు నమ్మి చెప్పుకున్న మాటను మైకులో పెట్టడం నమ్మకద్రోహం. దానికి మెత్తని పేరు నేను పెట్టలేను.

రెండోది, 'అభిషిక్తుణ్ణి ముట్టకూడదు' అనే మాట. మన సంఘాల్లో ఇంతగా దుర్వినియోగమైన వాక్యం మరొకటి లేదని నాకనిపిస్తుంది. ఎవరు లెక్క అడిగినా, ఎవరు ప్రశ్నించినా ఈ ఒక్క మాటతో నోరు మూయిస్తారు. ఒకసారి మీరే 105వ కీర్తన తెరిచి 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులు అన్నది ఎవరిని? అబ్రాహామును, ఇస్సాకును, యాకోబును. అప్పటికి వాళ్లు ఎలా ఉన్నారు? కొద్దిమంది, పరాయి దేశంలో తిరుగుతున్నవాళ్లు, అండ లేనివాళ్లు. వాళ్లకు హాని చేయొద్దని దేవుడు గద్దించింది రాజులను. అంటే బలవంతుల చేతి నుంచి బలహీనులను కాపాడే మాట అది. మీ కథలో అండ లేనివాళ్లు ఎవరో, కుర్చీ మీద ఉన్నవాళ్లు ఎవరో మీరే చూసుకోండి. పైగా యోహాను తన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో 'మీరు పరిశుద్ధునివలన అభిషేకము పొందినవారు' అని రాసింది విశ్వాసులందరికీ. మీరూ అందులో ఉన్నారు, మీ ఆయనా ఉన్నారు.

మీ ఆయన అడిగిన లెక్క గురించి కూడా ఒక మాట. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన డబ్బును పౌలు ఒక్కడే చేతబట్టుకుని వెళ్లలేదు. ఆ ధర్మం విషయంలో ఎవరూ తప్పు పట్టకూడదని, ప్రభువు దృష్టిలోనే కాకుండా మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలని, సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. రెండో కొరింథీ 8వ అధ్యాయం. అపొస్తలుడైన పౌలే లెక్కకు సిద్ధపడ్డాడు. మీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదని ఆయనతో మీరు పైకి చెప్పండి. ఇలాంటి సమయాల్లో 'నువ్వు అడగబట్టే ఇదంతా' అనే మాట భార్యాభర్తల మధ్య ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అది రాకముందే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు ప్రార్థన సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు హన్నా గుర్తొచ్చింది. బిడ్డలు లేని బాధతో ఆమె షిలోహు మందిరానికి వెళ్లి, పెదవులు కదులుతుంటే స్వరం రాకుండా ఏడుస్తోంది. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి ఏమన్నాడు? 'ఎంతవరకు నీవు మత్తురాలవై యుందువు' అన్నాడు. దేవుని మందిరంలో, దేవుని యాజకుడు, ప్రార్థన చేస్తున్న ఆడమనిషిని పట్టుకుని తాగి వచ్చావన్నాడు. మనం ఈ కథ సమూయేలు పుట్టుక కోసం చెప్పుకుంటాం, సండే స్కూల్లో మీరూ చెప్పే ఉంటారు. ఈసారి మీ కోసం చదువుకోండి. హన్నా ఆ మాట మింగి వెనక్కి తిరిగిపోలేదు. 'అది కాదు, నా యేలినవాడా, నేను మనోదుఃఖము గలదాననై యున్నాను' అంది. మర్యాద తప్పలేదు, నిజమూ దాచలేదు. తాను చేస్తున్న పనికి ఆమె పెట్టుకున్న పేరు చూడండి: 'నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను.' యాజకుడికి తాగుబోతుతనంలా కనబడ్డది దేవుడికి ప్రార్థనగా వినబడింది.

కాబట్టి మోకరిస్తే మాట రావట్లేదని మీరు భయపడకండి. హన్నాకూ స్వరం రాలేదు.

ఇక పుస్తకాలు. మీరు అడిగింది రెండు రకాలు, గాయానికి ఒకటి, ప్రార్థనకు ఒకటి. నా అనుభవంలో అవి రెండూ వేరు కావు. గాయాన్ని ఉన్నదున్నట్టు దేవుడి ముందు చెప్పడం మొదలుపెట్టినప్పుడే ప్రార్థన లోతుకు దిగుతుంది. నాకూ ఒక సంఘంలో ఇలాంటి కాలం గడిచింది, ఏ సంఘమో చెప్పడం అనవసరం. అప్పటిదాకా నా ప్రార్థనంతా నేర్చుకున్న మాటలే. 'పరిశుద్ధుడా, ప్రేమామయుడా' అని మొదలుపెట్టి అరగంట ఆగకుండా చేయగలిగేదాన్ని. ఆ మాటలన్నీ ఒక్కసారిగా ఎండిపోయాయి. తర్వాత వచ్చిన ప్రార్థనలు చాలా పొట్టివి. కానీ అవి నావి.

మొదటి పుస్తకం మీ ఇంట్లోనే ఉంది, కీర్తనల గ్రంథం. తేలిగ్గా తీసేయకండి, నేను మొక్కుబడిగా చెప్పట్లేదు. 55వ కీర్తనతో మొదలుపెట్టండి. 'నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును' అనే వచనం మనకు క్యాలెండర్ల మీద, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద కనబడుతుంది. అది ఈ కీర్తనలో 22వ వచనం. ఆ భారం ఏమిటో మాత్రం కార్డు మీద వేయరు. 12వ వచనం నుంచి చూడండి. తనను దూషించినవాడు శత్రువైతే సహించేవాణ్ణి, కానీ నువ్వు నా చెలికాడివి అంటాడు దావీదు. 'మనము కూడి మధురమైన గోష్ఠిచేసి యున్నవారము' అంటాడు, సమూహంతో కలిసి దేవుని మందిరానికి వెళ్లినవాళ్లం కదా అంటాడు. మందిరానికి కలిసి వెళ్లిన మనిషి చేసిన ద్రోహమే ఆ భారం. మీ భారమే. 'గువ్వవలె నాకు రెక్కలున్నయెడల' ఎగిరిపోయేవాణ్ణి అన్నదీ ఈ కీర్తనలోనే. పారిపోవాలనిపించడం పాపం అయితే దాన్ని కీర్తనగా రాసి మనకు ఇచ్చి ఉండేవారా?

ఒక నెల ఈ ఒక్క పని చేయండి. 55, 13, 42, 88 ఈ నాలుగు కీర్తనల్లో రోజుకు ఒకటి, పైకి వినబడేలా చదవండి. మీ మాటలు కలపాలని ప్రయత్నించొద్దు. 88వ కీర్తన ఆశతో ముగియదు, చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. చివర్లో 'అయినను స్తుతిస్తాను' అనకపోయినా అది ప్రార్థనే అని బైబిలే ఒప్పుకుందన్నమాట. మన సాక్ష్యాల్లో ఆ చోటు ఉండదు. సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఆఖరికి విజయం వచ్చి తీరాలి.

కీర్తనలను ఇలా ఎలా ప్రార్థించాలో ఇంకా తెలుసుకోవాలనిపిస్తే డీట్రిష్ బాన్‌హోఫర్ 1940లో కీర్తనల మీద రాసిన చిన్న పుస్తకం ఉంది. హిట్లర్ కాలంలో సంఘం లొంగిపోతుంటే ఎదురునిలిచి, 1945 ఏప్రిల్‌లో ఉరితీయబడ్డ జర్మన్ పాస్టరు ఆయన. పిల్లవాడు తండ్రి మాట విని మాట నేర్చుకున్నట్టే మనం దేవుడిచ్చిన మాటలతో ప్రార్థన నేర్చుకుంటాం అంటాడు. గంటలో చదివేయొచ్చు.

రెండో పుస్తకం, జరిగినదానికి పేరు పెట్టడానికి. డేవిడ్ జాన్సన్, జెఫ్ వాన్‌వాండరెన్ కలిసి 1991లో రాసిన 'ది సటిల్ పవర్ ఆఫ్ స్పిరిచ్యువల్ అబ్యూస్'. ఒకరు పాస్టరు, ఇంకొకరు కౌన్సెలరు. భక్తి పేరు చెప్పి మనుషులను ఎలా అణచిపెడతారో, అలాంటి సంఘాల్లో పైకి రాయని నియమాలు ఎలా ఉంటాయో చెబుతారు. వాటిలో ఒకటి చదవగానే మీకు మీ ఆయన గుర్తొస్తారు: సమస్య గురించి ఎవరు నోరు విప్పితే వాళ్లే సమస్య అయిపోతారు. అమెరికా సంఘాల గురించి రాసినా మన ఊళ్లకూ సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త చెబుతాను. రోజుకు నాలుగైదు పేజీలకు మించి చదవకండి, రాత్రిళ్లు చదవకండి. చదువుతుంటే పాతవన్నీ పైకి వస్తాయి, నిద్ర పట్టదు. పాప పడుకున్నాక కాకుండా, పగలు, మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు చదవండి.

ఇదే విషయం మీద డయాన్ లాంగ్‌బర్గ్ రాసిన 'రిడీమింగ్ పవర్' (2020) కూడా మంచిది. ఆవిడ దశాబ్దాలుగా ఇలాంటి బాధితులతో పనిచేసిన మనస్తత్వ నిపుణురాలు. అధికారం అనేది దేవుడు ఎందుకు ఇచ్చాడు, సంఘంలో అది ఎలా విషమవుతుంది అన్నది ఓర్పుగా చెబుతుంది. మొదటిది పూర్తయ్యాక, ఇంకా అవసరం అనిపిస్తేనే చదవండి. గాయాల మీద వరసగా పది పుస్తకాలు చదివితే గాయమే మన ఇల్లయిపోయే ప్రమాదం ఉంది. నేను అలా ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మూడోది ప్రార్థన మీద. ఇక్కడ నాకు మొహమాటం లేకుండా ఒకే పుస్తకం ఉంది. ఓ. హాలెస్‌బీ అనే నార్వే లూథరన్ ప్రొఫెసరు రాసిన 'ప్రేయర్'. ఇంగ్లిష్‌లోకి 1931లో వచ్చింది. తర్వాత యుద్ధకాలంలో నాజీలు ఆయన్ను జైల్లో పెట్టారు. ప్రార్థన మీద చాలా పుస్తకాలు మనల్ని ఇంకా తెల్లవారుజామున లేవమంటాయి, ఇంకా గంటలు పెంచమంటాయి, ఇంకా విశ్వాసం కావాలంటాయి. మీలాంటి స్థితిలో అవి చదివితే నేరం చేసినట్టు అనిపించడం తప్ప ఏమీ మిగలదు. హాలెస్‌బీ వాటికి ఎదురుగా మొదలుపెడతాడు. ప్రార్థన నిస్సహాయులకే అంటాడు. చంటిబిడ్డకు ఒక్క మాట రాదు, ఏడవడం ఒక్కటే తెలుసు. ఆ ఏడుపు తల్లికి అర్థం కాదా? ఆ బిడ్డ ఏడుపు లాంటిదే మన నిస్సహాయత అంటాడు. కానా పెళ్లిలో మరియ ఏం చేసిందో చూపిస్తాడు. 'వారికి ద్రాక్షారసము లేదు' అని సంగతి చెప్పి ఊరుకుంది. ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో ప్రభువుకు చెప్పలేదు. మీరూ అలా చేయొచ్చు. 'ప్రభువా, నాకు మాట లేదు' అని చెప్పి ఊరుకోండి. ఆ రోజుకు అదే ప్రార్థన. ఆ తర్వాత రోమా 8:26 చదవండి, ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని.

మోకరించడమే కష్టంగా ఉంటే కొన్నాళ్లు మోకరించకండి. ఆ భంగిమకు, ఆ మందిరానికి మీ మనసులో ముడి పడిపోయి ఉండవచ్చు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ ప్రార్థనకు ప్రత్యేకంగా కూర్చున్నప్పటికంటే వంటింటి గోలలో దేవుడి సన్నిధి తక్కువేమీ కాదని కనుక్కున్నాడు. ఆయన మాటలను, ఉత్తరాలను 1691లో ఆయన చనిపోయాక చిన్న పుస్తకంగా వేశారు, 'ది ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్' పేరుతో. గిన్నెలు తోముతూ, పాపకు జడ వేస్తూ, ఒక్క వాక్యం దేవుడితో అనుకోండి. పాట దగ్గర ఛాతీ బిగుసుకుంటే పాటను కూడా బలవంతంగా పాడొద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, రాగం లేకుండా, పద్యంలా చదువుకోండి. కీబోర్డు చప్పుడు, మైకు, ఆ హాలు ఇవేవీ గుర్తుకు రాని పాత కీర్తన ఏదైనా, మీ అమ్మమ్మ పాడినదైతే ఇంకా మంచిది. గొంతు దానంతటదే ఎప్పుడో కలుస్తుంది.

తెలుగులో రోజూ చదువుకోవడానికి అయితే 'ఎడారిలో సెలయేర్లు' ఉంది. మీ అమ్మగారి ఇంట్లో ఉండే ఉంటుంది. మిసెస్ చార్లెస్ కౌమన్ 1925లో ఇంగ్లిష్‌లో కూర్చిన పుస్తకానికి అది అనువాదం. జపాన్‌లో మిషనరీగా పనిచేసిన భర్త ఆరేళ్లు జబ్బుతో మంచాన పడితే పక్కనే ఉండి సేవ చేస్తూ, తనకు ఆసరాగా ఉన్న మాటలను ఆవిడ పోగుచేసింది. ఎంత ప్రార్థించినా భర్త బతకలేదు. ఆ సంగతి తెలిసి చదివితే అందులోని ఓదార్పు వేరుగా ఉంటుంది. అయితే దాంట్లో 'శ్రమ దేవుడు ఇచ్చిన బహుమానం' అనే ధోరణి పేజీలు చాలానే ఉన్నాయి. జబ్బు విషయంలో రాసిన ఆ మాటలను మనుషులు చేసిన అన్యాయానికి తగిలించుకోకండి. మీకు జరిగినది దేవుడు పంపిన శిక్షణ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలాంటి పేజీ వచ్చిన రోజు తిప్పేసి, మరుసటి రోజుది చదువుకోండి.

ఇంకొక మనిషిని మీకు పరిచయం చేయాలని ఉంది, పండిత రమాబాయి (1858-1922). కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకుని, సంస్కృత పండితురాలిగా పేరు పొంది, భర్త పోయాక 1883లో ఇంగ్లండ్‌లో బాప్తిస్మం తీసుకుంది. అక్కడ ఆమెను చేరదీసిన సన్యాసిని సిస్టర్ జెరల్డిన్‌కు ఆమెపై ప్రేమ ఉంది. కానీ సంఘ పెద్దలు చెప్పింది ప్రశ్నించకుండా ఒప్పుకోవాలన్నది జెరల్డిన్‌ పట్టు. రమాబాయి ఒప్పుకోలేదు. ఒక పురోహిత వర్గం కాడి కింద నుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాను, అలాంటి ఇంకో కాడి కింద తల పెట్టలేను అని ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరాలన్నీ 1977లో పుస్తకంగా వచ్చాయి. అవి దొరకడం కష్టం. కానీ 1907లో ఆమె రాసుకున్న చిన్న సాక్ష్యం, 'ఎ టెస్టిమొనీ ఆఫ్ అవర్ ఇనెగ్జాస్టిబుల్ ట్రెజర్', సంపాదించి చదవండి. బాప్తిస్మం పొందిన ఎనిమిదేళ్లకు గానీ తాను క్రైస్తవ మతాన్ని కనుగొన్నానే తప్ప క్రీస్తును కనుగొనలేదని తెలుసుకోలేకపోయానని అందులో చెబుతుంది. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ఆమె పెట్టిన ముక్తి మిషన్ వితంతువులకు, అనాథ పిల్లలకు ఇల్లయింది. 1905లో అక్కడ మొదలైన ప్రార్థనా ఉజ్జీవం గురించి మీరు వినే ఉంటారు. పెద్దల మాటకు ఎదురు చెప్పిన ఆడమనిషి ఇంట్లోనే అంత ప్రార్థన పుట్టిందని మీ అమ్మగారికి కూడా చెప్పండి.

ఇప్పుడు మాత్రం చదవొద్దని చెప్పేవి రెండు ఉన్నాయి. జీన్ ఎడ్వర్డ్స్ రాసిన 'ఎ టేల్ ఆఫ్ త్రీ కింగ్స్' మీకు ఎవరో ఒకరు తప్పకుండా ఇస్తారు. సౌలు, దావీదు, అబ్షాలోముల కథ. రాత బావుంటుంది, కన్నీళ్లు తెప్పిస్తుంది. కానీ గాయపడ్డవాళ్ల చేతిలో పెట్టి 'నువ్వూ దావీదులా నోరు మూసుకుని భరించు' అనడానికి దాన్ని వాడటం నేను చూశాను. బైబిల్లో దావీదు సౌలు మీద చెయ్యి ఎత్తలేదు, నిజమే. కానీ ఈటె దూసుకొస్తే అక్కడే నిలబడలేదు, పారిపోయాడు. తర్వాత కొండ మీద నిలబడి, సౌలు మనుషులందరూ వింటుండగా, నేను చేసిన తప్పేమిటని అడిగాడు. రెండోది బాన్‌హోఫర్‌దే, 'లైఫ్ టుగెదర్' (1939). నాకు ప్రాణం లాంటి పుస్తకం. సంఘం ఇలా ఉండాలని మనం కనే కలను సంఘం కంటే ఎక్కువగా ప్రేమిస్తే ఆ సంఘాన్నే పాడుచేస్తాం అని అందులో ఉంటుంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చెప్పే మాట. ఇవాళ మీరు చదివితే 'నాదే తప్పు, ఎక్కువ ఆశించాను' అనుకుంటారు. ఒకటి రెండేళ్లు ఆగి చదవండి.

పుస్తకం రాసినవాళ్లను కూడా పీఠం ఎక్కించకండి. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా పేరు పొందిన రవి జకరియస్ పుస్తకాలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో. 2020లో ఆయన చనిపోయాక, ఆయన సంస్థే వేయించిన విచారణలో ఆయన ఎందరో స్త్రీలను లైంగికంగా వేధించిన సంగతి 2021 ఫిబ్రవరిలో బయటపడింది. అది చదివిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. నేను చెప్పిన పుస్తకాలను కూడా వాక్యంతో సరిచూసుకునే చదవండి.

మీ అమ్మగారి మాట. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. ఊళ్లో బంధువులు, రేపు పాప పెళ్లి, ఆఖరికి సమాధుల తోటలో చోటు దాకా సంఘంతోనే ముడిపడి ఉన్న తరం అది. వాళ్ల భయం నిజమైనదే. కానీ చేయని తప్పుకు క్షమాపణ చెప్పడం అబద్ధం ఆడటమే, దేవుడు దాన్ని మిమ్మల్ని అడగడు. క్షమించడం వేరు, మళ్లీ వాళ్ల చేతిలో పడటం వేరు. యోసేపు అన్నలను క్షమించాడు. కానీ వాళ్లు మారారో లేదో చూసుకునేదాకా తానెవరో చెప్పలేదు. యేసు ప్రభువు గురించి కూడా యోహాను 2వ అధ్యాయంలో 'ఆయన తన్ను వారి వశము చేసికొనలేదు' అని ఉంది. మీ మనసులో పగ పెరగకుండా చూడమని దేవుణ్ణి అడగండి, అది మీ పని. ఆ సంఘంలో మళ్లీ అడుగు పెట్టాలా వద్దా అన్నది వాళ్లు తప్పు ఒప్పుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మత్తయి 18 ప్రకారం వెళ్లి మాట్లాడాలనిపిస్తే ఒంటరిగా వెళ్లకండి. ఆ అధ్యాయంలోనే సాక్షుల సంగతి ఉంది. మీ ఆయనతో పాటు ఆ సంఘానికి చెందని, మీ ఇద్దరూ గౌరవించే పెద్ద మనిషిని ఒకరిని తీసుకెళ్లండి.

'సమాజముగా కూడుట మానకండి' అని హెబ్రీ 10 చూపించి ఎవరైనా భయపెడితే, సమాజం అంటే ఆ ఒక్క భవనం కాదని గుర్తుంచుకోండి. ఇప్పటికి మీకు నమ్మకమైన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో నెలకు రెండుసార్లు ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని ఒక కీర్తన చదువుకుంటే చాలు. తర్వాత వేరే సంఘానికి వెళ్లాలనిపించినప్పుడు వెనక వరసలో కూర్చోండి, క్వయర్‌లో చేరమంటే వెంటనే ఒప్పుకోకండి. లెక్కలు చదివి వినిపిస్తారా, కాపరిని ప్రశ్నించేవాళ్లు ఉన్నారా, ప్రార్థన అవసరతలు బయటికి వస్తున్నాయా అన్నవి ఆరు నెలలు చూడండి. పాట బావుందా, జనం ఎక్కువ ఉన్నారా అన్నవి తర్వాత.

నిద్ర పట్టకపోవడం, ఛాతీ బిగుసుకోవడం ఇంకా కొనసాగితే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళలోనైనా కౌన్సెలరు మాట్లాడతారు. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఈ ఉత్తరం చదువుతున్న మరొకరికి కూడా ఒక మాట చెప్పాలి. సంఘంలో చిన్నపిల్లల మీద లైంగికంగా చెయ్యి పడిందని తెలిస్తే అది సంఘ పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసే సంగతి కాదు. పోక్సో చట్టం (2012) ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇక మీ పాప అడిగిన ప్రశ్న. నన్ను ఎక్కువగా కదిలించింది అదే. పిల్లలకు ఇంట్లో ఏదో జరిగిందని తెలుస్తుంది. చెప్పకపోతే వాళ్లంతట వాళ్లే కారణం అల్లుకుంటారు, ఆ అల్లికలో తప్పు తమదే అవుతుంది. అందుకని నిజమే చెప్పండి, ఆమె వయసుకు సరిపడా. 'లేదమ్మా, దేవుడికి మన మీద కోపం లేదు. అక్కడ కొందరు అమ్మను బాధపెట్టారు. దెబ్బ తగిలినప్పుడు మనం కొన్నాళ్లు ఆడుకోకుండా ఇంట్లో ఉంటాం కదా, అమ్మ కూడా అలా ఉంది. దేవుడు మన ఇంట్లో మనతోనే ఉన్నాడు' అనండి. ఎవరి పేర్లూ చెప్పకండి, ఎవరినీ తిట్టకండి. రాత్రి పడుకునేముందు ప్రార్థన తననే చేయమనండి, తనకు వచ్చిన మాటల్లో, బొమ్మ గురించైనా సరే, స్కూలు గురించైనా సరే. మీకు మాట రాకపోయినా పర్వాలేదు. తను ముగించాక పక్కన కూర్చుని ఆమేన్ అనండి.